పట్టా చేతికొచ్చాక ఎవరు తోడు?

కోదాడ నుంచి కాలిఫోర్నియా దాకా మన పిల్లల చదువు దారిలో మొదటి గేటు తెరుచుకుంది. చివరి గేటు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

అనంతగిరి అనగానే చాలామందికి వికారాబాద్ కొండలు గుర్తొస్తాయి, కొందరికి అరకు దారిలోని కాఫీ తోటలు. ఇక్కడ చెప్పబోయేది వేరే అనంతగిరి. కోదాడ పక్కనే ఉన్న ఊరు. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట జిల్లా విడివడినప్పుడు మండల కేంద్రమైంది. చుట్టూ వరి పొలాలు, ఆ ఊళ్లోనే అనురాగ్ ఇంజనీరింగ్ కాలేజీ. రెండు దశాబ్దాలుగా చుట్టుపక్కల పల్లెల పిల్లలు పొద్దున్నే బస్సెక్కి ఈ దారిన చదువుకు వస్తున్నారు. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో ఇంజనీరింగ్ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే.

ఇది చిన్న విషయం కాదు. ఒక తరం కింద ఈ ప్రాంతంలో ఇంటర్ పాసైన రైతు కొడుకు ముందు రెండే దారులు ఉండేవి: డిగ్రీ కాలేజీ, లేదంటే పొలం. కూతురికైతే ఆ మొదటి దారీ అనుమానమే. వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో విస్తరించిన ఫీజు రియింబర్స్‌మెంట్ ఆ పరిస్థితిని మార్చేసింది. తాపీమేస్త్రీ కూతురు కంప్యూటర్ సైన్స్‌లో చేరింది. తండా నుంచి వచ్చిన అబ్బాయి ఎలక్ట్రానిక్స్ తీసుకున్నాడు. కన్వీనర్ కోటాలో సీటొస్తే ఎస్సీ, ఎస్టీ పిల్లల ఫీజు ప్రభుత్వమే కడుతుంది. బీసీలకు పదివేల లోపు ర్యాంకైతే మొత్తం, ఆపైన 35 వేల రూపాయల వరకు ఇస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఇంటి నుంచి వెళ్లి చదివే అమ్మాయిలకు నెలనెలా బస్‌పాస్ ఖర్చూ తప్పింది. సూర్యాపేట దగ్గర బాలెంలలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. వీటన్నిటి ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 18 నుంచి 23 ఏళ్ల వాళ్లతో పోలిస్తే కాలేజీల్లో చేరినవాళ్లు 28.4 శాతం. తెలంగాణలో 40 శాతం.

కాబట్టి పేదింటి పిల్లల్ని కాలేజీ గేటు దాటించడంలో మనం గెలిచాం. నా బాధంతా ఆ తర్వాత జరుగుతున్న దాని గురించే. గేటు లోపలికి ఎంతమంది వెళ్లారో ప్రభుత్వం పైసాతో సహా లెక్క రాస్తుంది. నాలుగేళ్ల తర్వాత అదే గేటులోంచి బయటికొచ్చిన పిల్ల ఎక్కడికి పోయిందో, ఏ పనిలో చేరిందో, ఎంత అప్పుతో ఉందో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

మొదటి దెబ్బ బయటికి రాకముందే తగులుతుంది. రియింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు ఆపేస్తాయి. ‘ప్రభుత్వం ఇచ్చాక నీ డబ్బు నీకిస్తాం, ముందైతే కట్టు’ అంటాయి. 2025 నవంబరు మొదటి వారంలో ఈ బకాయిల కోసమే రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. యాజమాన్యాల కష్టం అబద్ధం కాదు, జీతాలివ్వాలి కదా. కానీ ఆ పంచాయితీలో నలిగేది ఉద్యోగానికో పై చదువుకో మార్కుల మెమోలు కావలసిన పిల్లలు. డబ్బున్న ఇంటివాళ్లు కట్టేసి కాగితాలు తీసుకుపోతారు. పథకం ఎవరికోసం పెట్టారో వాళ్ల కాగితాలే బీరువాలో మిగులుతాయి.

ఇక చదువు సంగతి. కోదాడ, మిర్యాలగూడ పిల్లలకు నాలుగేళ్ల కాలేజీ తర్వాత ఐదో ఏడు కూడా ఉంటుంది. దాని పేరు అమీర్‌పేట. హైదరాబాద్‌లోని ఆ పేటలో మైత్రివనం చుట్టూ గోడల నిండా జావా, పైథాన్, టెస్టింగ్, క్లౌడ్ బోర్డులు. హాస్టల్‌లో నలుగురున్న గది, మూడు నెలల కోర్సు, సాయంత్రం మాక్ ఇంటర్వ్యూ. కాలేజీలో రాని కోడింగ్ అక్కడ నేర్చుకుంటారు. కాలేజీలో ఎవరూ నోరు తెరిపించని ఇంగ్లిష్ అక్కడ మాట్లాడటం మొదలుపెడతారు. ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లిష్ మీడియం 2022-23లో గాని మొదలవలేదు. ఇప్పుడు పట్టా పుచ్చుకుంటున్న పిల్లల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల తెలివిలో లోటు లేదు. క్లాసులో అర్థం కానప్పుడు చేయెత్తి అడగడానికి భయపడి నాలుగేళ్లు వెనక బెంచీలో గడిపేస్తారు. ఆ భయం పోగొట్టే బాధ్యత ఏ పథకంలోనూ ఎవరికీ అప్పగించలేదు.

అమీర్‌పేట కూడా ఇప్పుడు మునుపటి హామీ ఇవ్వడం లేదు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింట్లో కలిపి ఉద్యోగుల సంఖ్య దాదాపు 64 వేలు తగ్గింది. వేలమందిని ఒకేసారి తీసుకుని ఆరు నెలలు శిక్షణిచ్చి పనిలో పెట్టుకునే రోజులు పోతున్నాయి. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీలు సొంత కేంద్రాలు పెడుతున్నాయి, నిజమే. కానీ వాళ్లకు వచ్చిన రోజే పని చేసే మనిషి కావాలి. చిన్న ఊరి కాలేజీలకు వచ్చి క్యాంపస్ ఇంటర్వ్యూలు పెట్టే ఓపిక ఎంతమందికి ఉంటుంది? సూర్యాపేట, నల్లగొండలకు 2023లో ఐటీ హబ్‌లు వచ్చాయి. మంచిదే. వేలల్లో వచ్చే పట్టభద్రులకు అవి ఏ మూలకు?

అలా ఒకటి రెండేళ్లు గడిచాక ఇంట్లో ఆ మాట వస్తుంది: ‘ఎంఎస్‌కు పోతే ఎట్లుంటది?’

రెండు రూపాయల మిత్తి

కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో అమెరికా ఎవరికీ దూరదేశం కాదు. ఆయకట్టులో నిలదొక్కుకున్న కుటుంబాల నుంచి ముప్పై ఏళ్ల కిందటే పిల్లలు వెళ్లారు. ఒకరు వెళ్లి నిలబడితే తమ్ముడు, బావమరిది, మేనకోడలు ఆ వెనకే వెళ్లారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగేనని అక్కడి జనాభా లెక్కల మీద చేసిన అధ్యయనం తేల్చింది. పెరుగుదల 86 శాతం. 2023-24లో అమెరికాలో చదివే విదేశీ విద్యార్థుల్లో చైనాను దాటి భారత్ మొదటి స్థానానికి వచ్చింది. మనవాళ్లు 3,31,602 మంది. అందులో తెలుగు రాష్ట్రాల వాటా సగం పైనే అని హైదరాబాద్ కాన్సులేట్ లెక్క.

ఇంతమంది వెళ్తున్నారు కాబట్టి దారి అందరికీ ఒకటే అనుకుంటాం. అప్పు ఎక్కడ పుడుతుందో చూస్తే ఎవరి దారి ఏదో తెలిసిపోతుంది.

విదేశీ చదువుకు బ్యాంకు రుణం మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే తనఖా పెట్టాలి. రైతుకు ఉన్నది పొలం. అదీ సాగర్ ఎడమ కాలువ కింది పొలం, కోదాడ చుట్టూ ఎకరం లక్షల్లో పలుకుతుంది. అయినా బ్యాంకు వద్దంటుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం 31వ సెక్షన్ వ్యవసాయ భూమిని ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది. బాకీ పడితే కోర్టుకు పోకుండా నేరుగా స్వాధీనం చేసుకునే వీలు పొలం మీద బ్యాంకుకు లేదు. రైతును కాపాడటానికి పెట్టిన నిబంధన అది, దాన్ని తప్పుపట్టలేం. కానీ బ్యాంకు పట్టణంలో ఇల్లు చూపించమంటుంది, ఓపెన్ ప్లాటు చూపించమంటుంది, ఫిక్స్‌డ్ డిపాజిట్ అడుగుతుంది. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీకి వెళ్తే జీతం స్లిప్పు, ఐటీ రిటర్నులు అడుగుతారు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, రైతు దగ్గర రిటర్నులు ఎక్కడివి? రిటర్నులున్న టీచరు కొడుక్కి రుణం వస్తుంది. పదెకరాల రైతు కొడుక్కి రాదు. కౌలురైతు కొడుకు ఆ వరుసలో నిలబడే ప్రశ్నే లేదు.

అందుకని ఊళ్లో అప్పు. నూటికి రెండు రూపాయల మిత్తి. పదిహేను లక్షలు తెస్తే నెలకు 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు. 2025-26లో గ్రేడ్-ఏ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండిందనుకున్నా చేతికొచ్చేది 60 వేలకు కాస్త తక్కువ. దుక్కి, నాటు, ఎరువు, కోత కూలి ఏదీ తీయకముందు మాట ఇది. అంటే ఆరెకరాల్లో ఒక పంట మొత్తం, ఖర్చులన్నీ పక్కనబెట్టి, మిత్తికే పోతుంది. అసలు అలాగే ఉంటుంది.

ప్రభుత్వ పన్ను విధానం కూడా ఈ తేడాను గుర్తించదు. విదేశానికి చదువు డబ్బు పంపేటప్పుడు గుర్తింపున్న ఆర్థిక సంస్థ రుణమైతే 2025 ఏప్రిల్ నుంచి, పంపేటప్పుడే వసూలు చేసే పన్ను (టీసీఎస్) లేదు. సొంత డబ్బో, చేబదులో అయితే పది లక్షలు దాటిన మొత్తం మీద కోస్తారు. రిటర్ను వేసి తర్వాత తీసుకోవచ్చంటారు. ఎప్పుడూ రిటర్ను వేయని ఇంట్లో ఆ డబ్బు కోసం మళ్లీ ఒక ఆడిటర్‌ను వెతకాలి.

పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఒక ఆనవాయితీ

పేదింటి పిల్లలకు విదేశీ చదువు ఇప్పించడం మనకు కొత్త కాదు. 1895లో పదహారేళ్ల సరోజినీ చట్టోపాధ్యాయ, తర్వాతి కాలపు సరోజినీ నాయుడు, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద హైదరాబాద్ నుంచి లండన్ వెళ్లారు. ఆమెది పేద కుటుంబం కాదు, కానీ సర్కారు సొమ్ముతో సముద్రం దాటించవచ్చన్న ఆలోచన ఇక్కడ అప్పటికే ఉంది. 1922లో యల్లాప్రగడ సుబ్బారావు మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి భరోసాతో హార్వర్డ్‌కు బయలుదేరారు. బోస్టన్‌లో ఒక ఆస్పత్రిలో రాత్రి పని చేస్తూ చదివారు. ఇవాళ డాలస్ పెట్రోలు బంకులో పార్ట్ టైం చేసే కోదాడ అబ్బాయికి వందేళ్ల ముందు నడిచిన పెద్దమనిషి ఆయన.

వీళ్లందరికంటే మనం గుర్తు పెట్టుకోవలసింది అంబేడ్కర్‌ను. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియా యూనివర్సిటీలో చేరారు. 1917లో ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఆ ఊళ్లో ఉండటానికి ఒక గది దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. న్యూయార్క్ దాకా పంపిన ప్రభుత్వం బరోడాలో తల దాచుకునే చోటు చూపించలేకపోయింది. పట్టా చేతికొచ్చాక తోడు లేకపోవడమంటే ఏమిటో ఈ ఒక్క ఘటన చెబుతుంది.

ఆయన పేరు మీదే తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి నడుస్తోంది. బీసీ, ఈబీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు మీద, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరు మీద ఇలాంటివే ఉన్నాయి. కుటుంబ వార్షికాదాయం ఐదు లక్షల లోపు ఉంటే 20 లక్షల వరకు గ్రాంటు, ఒకవైపు విమాన ఛార్జీ ఇస్తారు. తిరిగి కట్టక్కర్లేదు. దేశంలో చాలా రాష్ట్రాల్లో ఇంత ఉదారమైన పథకం లేదు, గర్వంగా చెప్పుకోవచ్చు.

కానీ డబ్బు ఎప్పుడు అందుతుందో చూడండి. మొదటి పది లక్షలు పరాయి దేశంలో దిగినట్టు కాగితం చూపించాక. రెండో పది లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. వీసా ఇంటర్వ్యూకు ఖాతాలో డబ్బు చూపించాలి, డిపాజిట్ కట్టాలి, మొదటి సెమిస్టర్ ఫీజు కట్టాలి, అద్దె అడ్వాన్సు ఇవ్వాలి. ఇవన్నీ అంతకుముందే. చేతిలో ఏమీ లేని కుటుంబం కోసం పెట్టిన పథకంలో ముందు అప్పు చేయగలిగితేనే సాయం అందుతుంది. ఆ విడతలు ఆలస్యమైతే అప్పు ఊళ్లో, ఆందోళన విదేశంలో. ఎంపికైన రోజే బ్యాంకుకు ప్రభుత్వ హామీపత్రం ఇచ్చి మొదటి విడత నేరుగా యూనివర్సిటీకి పంపడానికి కొత్త నిధులు అక్కర్లేదు. జీవోలో రెండు పేరాలు మారిస్తే సరిపోతుంది.

ఇంకో లోటు సమాచారం. బంధువులు అక్కడున్న ఇంటికి ఏ యూనివర్సిటీ మంచిదో, ఏది డొల్లదో ఒక ఫోన్ కాల్‌తో తెలుస్తుంది. మొదటి తరం పిల్లాడికి కన్సల్టెన్సీ చెప్పిందే వేదం. చాలా కన్సల్టెన్సీలకు కమీషన్ ఇచ్చేది యూనివర్సిటీయే అన్న సంగతి అతనికి తెలియదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఆ ఫొటోలు చూసి ఎంతమంది తల్లులు ఏడ్చారో ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే పన్నిన వల 2019 జనవరిలో బయటపడింది. 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు. చట్టాన్ని తెలిసే దాటినవాళ్లు వాళ్లలో ఉండొచ్చు. అప్పు తీరేదాకా ఏదో ఒక రకంగా అక్కడే ఉండాలన్న ఒత్తిడి వాళ్లను అటు తోసిందన్నదీ అంతే నిజం.

ఆ ఒత్తిడి ఇప్పుడు మరింత పెరిగింది. 2025లో అమెరికా విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలివ్వడం కొన్ని వారాలు ఆపింది. ఆ ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. బ్రిటన్ 2024 నుంచి మామూలు పీజీ విద్యార్థులను భార్యనో భర్తనో వెంట తెచ్చుకోనివ్వడం లేదు. కెనడా అదే ఏడాది స్టూడెంట్ పర్మిట్లకు పరిమితి పెట్టింది, ఖాతాలో చూపించాల్సిన జీవన వ్యయాన్ని రెట్టింపు చేసి 20,635 డాలర్లకు తెచ్చింది. రెండేళ్లు పని చేస్తే అప్పు తీరుతుందన్న పాత లెక్క ఇప్పుడు ఎవరికీ కుదరడం లేదు. ఈ మార్పు తెలియకుండా ఊళ్లో ఇంకా పాత లెక్క మీదే అప్పులు చేస్తున్నారు. ఈ వ్యాసం రాయడానికి నాకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

పక్కనే ఉన్న పరిశ్రమ

విదేశం వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ ఉద్యోగం దొరక్క పారిపోయేటట్టు కాకుండా ఇష్టపడి ఎంచుకుని వెళ్లేలా ఉండాలి. దానికి ఇక్కడ ఏముందో కూడా పిల్లలకు చూపించాలి.

దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. మేళ్లచెరువు, మఠంపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల సంగతి చెప్పేదేముంది, ఉప్పుడు బియ్యం తీసే బాయిలర్లు, డ్రయ్యర్లు, నల్ల గింజను ఏరే సార్టెక్స్ మిషన్లు, వాటి కరెంటు బిల్లులు అన్నీ ఇంజనీరింగ్ సమస్యలే. సార్టెక్స్ ఆగిపోతే మిల్లు యజమాని మెకానిక్ కోసం బయటి ఊరికి ఫోన్ చేస్తాడు. అదే సమయంలో రాష్ట్రమంతటా కాలేజీలు సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పెంచుకుంటున్నాయి. తల్లిదండ్రులు అడుగుతున్నది అదే, కాలేజీలు అదే ఇస్తున్నాయి. మధ్యలో పక్క ఊరి పరిశ్రమకు పని తెలిసిన మనిషి దొరకడు, పక్క ఊరి పిల్లాడికి పని దొరకదు.

మిల్లుల్లో కాల్చిన ఊక బూడిదలో సిలికా ఎక్కువ. సరిగ్గా కాలిస్తే సిమెంటులో కలపడానికి పనికొస్తుంది. ఒకచోట మిల్లులు, దగ్గర్లోనే సిమెంటు ఫ్యాక్టరీలు. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి విషయం ఏ దేశంలో దొరుకుతుంది? కానీ చాలామంది పిల్లలు హైదరాబాద్‌లో కొనుక్కొచ్చిన రెడీమేడ్ ప్రాజెక్టు చూపించి పాసవుతున్నారు. ఆ ప్రాజెక్టు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే కూలిపోతుంది.

1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 30 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఏడాది శిక్షణ, స్టైపెండ్‌లో కొంత కేంద్రం ఇస్తుంది. జిల్లాలో ఏ ఫ్యాక్టరీ ఎంతమందిని తీసుకోవాలి, ఎంతమందిని తీసుకుంది అన్న జాబితా కాలేజీ నోటీసు బోర్డు మీద ఉంటే కొందరు పిల్లలకు మొదటి ఏడాది పని అక్కడే దొరుకుతుంది. అమ్మాయిలకైతే షిఫ్టు అయ్యాక ఇంటికి చేరే బస్సు కూడా ఉండాలి. అది లేక మానేసిన ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

విదేశానికే వెళ్లదలుచుకున్న పిల్లలకు అమెరికా ఒక్కటే గమ్యం కానక్కర్లేదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. వీసాకు బ్లాక్‌డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అది పెద్ద మొత్తమే, కానీ అక్కడ మన ఖర్చుకే మళ్లీ వాడుకుంటాం. కావలసింది భాష. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి పంపుతోంది. అదే పాఠం రెండో సంవత్సరం నుంచే కోదాడ, మిర్యాలగూడ కాలేజీల్లో సాయంత్రం గంట చొప్పున పెడితే నాలుగో ఏడు చివరికి పిల్లలు బీ1 స్థాయికి వస్తారు. మూడు నెలల్లో భయపడుతూ రాసే జీఆర్‌ఈ కంటే ఇది నిలకడైన పెట్టుబడి.

ఇక గేటు బయటికొచ్చిన పిల్లల లెక్క సంగతి. బ్రిటన్‌లో ప్రతి పట్టభద్రుణ్నీ చదువైన పదిహేను నెలలకు ఒక జాతీయ సర్వే పలకరిస్తుంది: ఎక్కడ పనిచేస్తున్నావు, చదివింది పనికొచ్చిందా అని. ఆస్ట్రేలియాలోనూ అలాంటిది ఉంది. ఏ కాలేజీ, ఏ కోర్సు పిల్లలు ఎలా నిలబడ్డారో అక్కడ అందరూ చూడొచ్చు. మన దగ్గర అందుకు కావలసిన జాబితా ఇప్పటికే సిద్ధంగా ఉంది. రియింబర్స్‌మెంట్ తీసుకున్న ప్రతి విద్యార్థి పేరు, కులం, కాలేజీ, బ్రాంచి, ఫోన్ నంబరు దరఖాస్తులు తీసుకునే ఈ-పాస్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. అదే నంబరుకు చదువైన ఏడాదికి ఒకసారి, మూడేళ్లకు ఇంకోసారి ఫోన్ చేసి పని దొరికిందా, జీతమెంత, అప్పెంత, సర్టిఫికెట్ చేతికొచ్చిందా అని నాలుగు ప్రశ్నలు అడగాలి. అమ్మాయిలు, అబ్బాయిలు విడిగా, వర్గాల వారీగా, వికలాంగ విద్యార్థులకు విడిగా, కాలేజీ వారీగా ఆ జవాబులు అచ్చువేయాలి. అప్పుడు ఏ కాలేజీలో చేర్చాలో తాపీమేస్త్రీకి కూడా తెలుస్తుంది, ఎక్కడ డబ్బు వృథా అవుతోందో ప్రభుత్వానికీ తెలుస్తుంది. తెలంగాణ ఉన్నత విద్యామండలి ఈ పనిని వచ్చే జూన్‌లో పాసయ్యే బ్యాచ్‌తోనే మొదలుపెట్టవచ్చు.